ఆశ తగిలిన పిల్ల

అట్లు పోసే దోనా సలేతి మీద నేను అరిచిన అరుపుల గురించి మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీండి. ఆ రోజు నా చోట ఎవరున్నా అరిచేవాళ్ళే. నాకు నోరెక్కువని మా ఆయన జెనివాల్దు పెళ్ళికి ముందే కనిపెట్టాడు, అయినా చేసుకున్నాడు, కాబట్టి అతని బాధ అతను పడాలి. నేను మాత్రం ఆ నోటికి రోజూ దండం పెట్టుకుంటాను. ఆ సాయంత్రం నేను నోరు పారేసుకోకపోతే నా కూతురు నోరు తెరిచేది కాదు.

మా తైనారా దోమల ఏడాది పుట్టింది. ఆ ఏడు కుళాయిల్లో చుక్క నీళ్ళు లేవు. మున్సిపాలిటీ ట్యాంకరు వచ్చినప్పుడల్లా డ్రమ్ములు నింపుకుని పెరట్లో పెట్టుకునేవాళ్ళం. ఆ నీళ్ళే మేం తాగాం, ఆ నీళ్ళలోనే దోమలు పిల్లల్ని పెట్టాయి. నాకు మూడో నెలలో ఒంటినిండా దద్దుర్లొచ్చి, కళ్ళెర్రబడి, నాలుగు రోజులు దురద పెట్టి పోయింది. పోయిందనే అనుకున్నాను. కాన్పయ్యాక డాక్టర్లు పిల్ల తల చుట్టూ టేపు పెట్టి కొలిచి, మళ్ళీ కొలిచి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా వీధిలో మరో ఇద్దరు తల్లులకీ అదే టేపు, అదే చూపు.

అయినా మొదట్లో నేను దిగులుపడలేదంటే నమ్మండి. పిల్ల పాలు బాగా తాగేది. తల చిన్నదైతేనేం, ఆకలి పెద్దదే అని మురిసిపోయేదాన్ని. మూడు నెలలు నిండాక మొదలైంది అసలు కథ. ఒళ్ళు బిర్రబిగుసుకుపోయి మెడ వెనక్కి వాలిపోయేది. నాలుక పాలని లోపలికి లాక్కోకుండా బయటికి తోసేది. దగ్గు, ముక్కులోంచి పాలు, మళ్ళీ దగ్గు. ఒక పూట పాలు పట్టడం అయ్యేసరికి రెండో పూట వచ్చేసేది. చొల్లు సరేసరి, ఆగేదే కాదు. మా దండెం మీద బట్టలకంటే చొల్లుగుడ్డలే ఎక్కువ ఆరేవి.

ఆ చొల్లు చూసి మా అత్త లిండాల్వా తేల్చేసింది. "దీనికి ఆశ తగిలిందే వనూ," అంది.

మా ఊళ్ళో ఇది అందరూ నమ్మే మాటే. పసిపిల్ల ముందు ఎవరైనా ఏదైనా తిని, పిల్లకి పెట్టకపోతే, ఆ ఆశ లోపలే ఉండిపోయి పిల్ల చొల్లు కారుస్తూ క్షీణించిపోతుందంటారు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు కోరింది తినకపోయినా అంతేనట. దేనికి ఆశపడిందో అది నోట్లో పెడితే విరుగుడు.

"కడుపుతో ఉన్నప్పుడు నువ్వేం తినాలనుకుని తినలేదు? నిజం చెప్పు," అని నిలదీసింది అత్త.

"సుఖం తినాలనుకున్నా అత్తా. ఎవరూ వండిపెట్టలేదు," అన్నాను.

"నీ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు," అని ఆవిడ లేచిపోయింది.

లేచిపోయిన మనిషి ఊరుకోలేదు. నేను ట్యాంకరు దగ్గర వరసలో ఉండగా, పిల్లని ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టి, మొక్కజొన్న రవ్వ ఉడికించి పాలలో నానబెట్టి చెంచాతో పెట్టింది. మా దగ్గర తరతరాలుగా పిల్లలకి తినిపించేది అలాగే, ఉయ్యాలలో ఊపుతూ. నేను బిందెతో వచ్చేసరికి "సావ్ బ్రాస్! సావ్ బ్రాస్!" అని గొంతుల దేవుణ్ణి పిలుస్తూ అత్త పిల్ల వీపు మీద చరుస్తోంది. పిల్ల మొహం నీలంగా ఉంది. నేను పిల్లని లాక్కుని బోర్లా తిప్పాను. ఎలాగో ఊపిరి వచ్చింది. రెండ్రోజుల తర్వాత జ్వరం కూడా వచ్చింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము అన్నారు పెద్ద ఊరి ఆసుపత్రిలో.

మిరేలా మాకు పరిచయమైంది అక్కడే. మింగడం నేర్పడమే ఆ అమ్మాయి ఉద్యోగం. మింగడానికి కూడా పంతులమ్మ ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. తైనారా మింగేటప్పుడు తీసిన ఎక్స్‌రే సినిమా ఒకటి నాకు చూపించింది. తెల్లటి పాల గీత గొంతులోంచి దిగుతూ, కడుపు దారి వదిలేసి ఊపిరి దారిలోకి జారడం నా కళ్ళతో నేను చూశాను. దగ్గు కూడా రాలేదు ఆ పిల్లకి. అంత నిశ్శబ్దంగా మునిగిపోతోంది నా బిడ్డ, నా ఒళ్ళోనే, నా పాలల్లోనే.

"మీ తప్పు కాదు. మీ అత్తగారి తప్పూ కాదు," అంది మిరేలా. "కడుపుతో ఉన్నప్పుడు దోమకాటుతో మీకొచ్చిన వైరస్ పాప మెదడులో మింగడం చూసుకునే చోటుని దెబ్బకొట్టింది. చాలామంది పిల్లల్లో ఇది మూడో నెల తర్వాతే బయటపడుతోంది."

నా తప్పు కాదని అప్పటిదాకా ఒక్కరూ అనలేదు. ఆ మాటకి ఆ అమ్మాయికి ఎంత రుణపడ్డానో నేను చెప్పలేను. అప్పుడు మాత్రం "మరి ఎవరి తప్పు?" అని ఆమె మీదే విరుచుకుపడ్డాను.

ముందు ముక్కులోంచి గొట్టం వేశారు. తర్వాత పొట్టకి చిన్న రంధ్రం చేసి బొత్తాం లాంటి మూత పెడతామన్నారు, పాలు నేరుగా అందులోకి పోయడానికి. మా అత్త గుండెలు బాదుకుంది.

"దేవుడు నోరెందుకిచ్చాడే? పసిదాని పొట్టకి చిల్లు పెడతారా?"

"దేవుడు నోరిచ్చాడు, దారి ఇవ్వడం మర్చిపోయాడు అత్తా. గుర్తుచేస్తున్నారు డాక్టర్లు," అన్నాను. అని, ఆసుపత్రి వెనక్కి పోయి నేనూ ఏడ్చాను.

ఆ బొత్తాం చల్లగా ఉండాలి! అది పెట్టాక నా పిల్లకి బుగ్గలొచ్చాయి. తొడల మీద మడతలొచ్చాయి. జ్వరాలు తగ్గాయి. పాలు పట్టడమనే యుద్ధం లేకపోయేసరికి పిల్లని ఎత్తుకుని ఊరికే కూచోవడం, పాటలు పాడటం, వేళ్ళు లెక్కపెట్టడం నాకు తీరికగా దొరికాయి. అమ్మనయ్యానని అప్పుడే తెలిసింది నాకు.

మా అత్త మాత్రం మారిపోయింది. పిల్లని స్నానం చేయించేది, నూనె రాసేది, ఊపేది. కానీ పాల వేళకి పెరట్లోకి వెళ్ళిపోయేది. "దాని తిండి జోలికి ఈ చెయ్యి మళ్ళీ రాదు," అని ఒక్కసారే అంది. నాతో మాటలు తగ్గించేసింది. తన కంచం పట్టుకుని డ్రమ్ముల వెనక్కి పోయి, మాకు వీపు పెట్టి తినేది. నాతో కలిసి తినడం ఇష్టం లేదేమోనని నేనూ బింకంగా పొయ్యి దగ్గరే నిలబడి తినేసేదాన్ని. మా ఆయన బైకు మీద మనుషుల్ని తిప్పే పనిలో ఎక్కడ ఆకలేస్తే అక్కడ తినేవాడు.

పిల్లకి ఏడాదిన్నర దాటాక మిరేలా కొత్త పని అప్పజెప్పింది. కడుపు బొత్తాం చూసుకుంటుంది, ఇప్పుడు నోటికి రుచి నేర్పాలి అంది. నిటారుగా కూచోబెట్టి, గడ్డం కిందికి ఉండేలా పట్టుకుని, చెంచా చివర చిక్కటిది కొంచెం, అంతే. తినడానికి కాదు, ఇష్టపడటానికి. ఇష్టం పుడితే మింగడం దాని వెంటే కొంచెం కొంచెం వస్తుంది అంది. నేను రోజూ గది తలుపేసుకుని, కదలకుండా కూచోబెట్టి ప్రయత్నించేదాన్ని. తైనారా పెదాలు బిగించేసేది. చెంచా తగిలితే చాలు మొహం తిప్పేసేది. అరటిపండు, బొప్పాయి, చిలగడదుంప, ఏది పెట్టినా అంతే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నా పిల్ల అడగదు సరే, పెట్టినా తీసుకోదు.

జూన్ మొదట్లో మిరేలా ఆ పెదాలు చూసి చెంచా పక్కన పెట్టేసింది.

"ఇంట్లో మీరంతా తినేటప్పుడు పాపని పక్కన కూచోబెడుతున్నారా?" అని అడిగింది.

"మా ఇంట్లో ఎవరూ కూచుని తినరు."

"మరి వీధిలో? పండగల్లో? తిండి వాసన, గరిటెల చప్పుడు, పదిమంది నమలడం ఇవన్నీ తనకి తెలియాలి. అవేమీ లేకుండా ఉత్త చెంచా నోట్లోకి వస్తే మందే అనుకుంటుంది." తర్వాత గొంతు తగ్గించింది. "ఈ నెల్లో సావ్ జువావ్ పండగ అయ్యాక మళ్ళీ చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే నోటి అభ్యాసం ఆపేద్దాం. బలవంతం చేస్తే తనకి నోరంటేనే భయం పట్టుకుంటుంది."

అంటే నా కూతురు జన్మంతా ఒక్క రుచి ఎరగకుండా ఉండిపోతుందన్నమాట. బొత్తాం ప్రాణం పోసింది, కాదనను. అయినా ఉప్పు, తీపి, పులుపు ఏమీ తెలియని బతుకు కూడా ఒక బతుకేనా అనిపించింది నాకు. బస్సులో ఊరు చేరేదాకా పిల్ల తల నా గడ్డం కింద పెట్టుకుని కూచున్నాను.

వీధి మలుపు తిరిగాను. అక్కడ దోనా సలేతి రోజూ సాయంత్రం తన గుమ్మం ముందు పెనం పెట్టుకుని, కర్రపెండలం పిండితో తపియోకా అట్లు పోస్తుంది, కొబ్బరి చల్లి. నన్ను చూడగానే గబగబా పెనం మీద గుడ్డ కప్పి, లోపలికి పోయి తలుపేసుకుంది. పక్కింటి కిటికీ రెక్క మూసుకుంది. ఎదురింటి పిల్లలు చేతిలో మొక్కజొన్న కండెలు వెనక దాచుకుని గోడ పక్కకి తప్పుకున్నారు. ఇది ఆ రోజే మొదలు కాదు. కొన్ని నెలలుగా చూస్తున్నాను. పిల్లతో నేను వస్తుంటే మూతలు పడతాయి, తలుపులు పడతాయి. నా బిడ్డ చొల్లు చూస్తే వీళ్ళకి రోత, జబ్బు అంటుకుంటుందని భయం, అనుకుని పళ్ళు నూరుకునేదాన్ని.

ఆ రోజు ఇంకోటి కనబడింది. సావ్ జువావ్ రాత్రి వేసే నెగడుకి కట్టెలు ప్రతి ఏడూ మా గుమ్మం ఎదురుగానే పేరుస్తారు, వీధికి నడిమధ్య మా ఇల్లే కాబట్టి. ఈసారి ఆ కట్టెలన్నీ తీసుకెళ్ళి వీధి చివర, చెత్తకుండీ దాటాక పేర్చారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లని చంకనేసుకుని వెళ్ళి సలేతి తలుపు దబదబా బాదాను.

"తలుపు తియ్ దోనా సలేతీ! నా బిడ్డకేమన్నా కుష్టు రోగమా? పెనం మీద గుడ్డలు కప్పుతున్నావే, నా మొహం మీద కప్పు! నీ అట్లు ఎవడు తింటాడు, చెప్పుల అట్ట మేలు! నెగడు కూడా ఎత్తుకుపోయారు, ఇంకేం మిగిలింది, మమ్మల్ని కూడా చెత్తకుండీలో వెయ్యండి!"

ఇంకా చాలా అన్నాను. సలేతి వాళ్ళాయన పోయింది ఈవిడ వంటకే అని కూడా అన్నానని చెప్తారు, నాకైతే గుర్తులేదు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

తలుపు తెరుచుకుంది. సలేతి నిదానపు మనిషి, లావుపాటి మనిషి. గడపలో నిండుగా నిలబడి, "అరవకే, పిల్ల జడుసుకుంటుంది," అంది. "మీ అత్త నీకు చెప్పలేదూ?"

"మా అత్త నాతో మాట్లాడితేగా చెప్పడానికి!"

సలేతి నా వెనక్కి చూసింది. నా అరుపులకి అత్త కూడా పరిగెత్తుకొచ్చి వీధి మధ్యలో ఆగిపోయింది. కళ్ళు నేలకి దించుకుంది.

"పిల్లకి బొత్తాం పెట్టించుకుని మీరు ఆసుపత్రి నుంచి వచ్చిన వారం, మీ అత్త ఈ వీధిలో ఇల్లిల్లూ తిరిగింది," అంది సలేతి. "చేతులు జోడించి అడిగిందే తల్లీ. 'నా మనవరాలు చూస్తుండగా ఎవరూ తినకండి, వండకండి. దానికి పెట్టలేం. పెట్టలేనిది చూపిస్తే ఆశ తగులుతుంది, ఇప్పటికే ఒకసారి నా చేత్తో చంపబోయాను' అని. మేం ఎలా కాదంటాం? నెగడు దగ్గర కండెలు కాలుస్తాం, మొక్కజొన్న పాలతో కాంజిక వండుతాం. మీ గుమ్మం ముందు ఆ వాసనేస్తే పసిది ఏమైపోతుందని దూరంగా పేర్చాం. రోతేమిటే నీ మొహం!"

కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. నేను అక్కడే సలేతి గడప మీద కూలబడ్డాను. ఆ ఎదురింటి పిల్లలు ఇన్ని నెలలూ కండెలు దాచుకుని తిన్నారు. మా అత్త వాన పడుతున్నా డ్రమ్ముల వెనకే నిలబడి తినింది. ఇంతమంది నా బిడ్డ కోసం నోరు కట్టేసుకుంటే నేను వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

"ఇప్పుడెందుకు ఏడుపు? అరుస్తున్నప్పుడే బాగున్నావ్," అంది సలేతి.

నేను ముక్కు తుడుచుకుని మిరేలా చెప్పింది చెప్పాను. వీళ్ళు దాచిపెట్టిందే నా పిల్లకి కావాలని. వాసనలు కావాలి, చప్పుళ్ళు కావాలి, పదిమంది తింటూ ఉండాలి. సలేతి నమ్మలేదు. "నువ్వేమన్నా డాక్టరువా?" అంది. "మింగడం నేర్పే అమ్మాయే చెప్పింది, నీ పెనం మీద ఒట్టు," అన్నాను. ఆవిడ పొయ్యి తీసుకొచ్చి మా అరుగు మీద పెట్టింది. "ఇక నుంచి ఇక్కడే పోస్తా. చెప్పుల అట్టలు," అంది.

అత్తని బల్ల దగ్గరికి తీసుకురావడమే కష్టమైంది. "దాని ఎదురుగా తినమంటావా? నేనేమన్నా రాక్షసినా?" అని పెనుగులాడింది.

"రాక్షసివి కాదు గానీ మొండిదానివి. కూచో. చప్పుడు చేస్తూ తిను."

ఆవిడ ఎట్టకేలకు కూచుంది. చిక్కుడుగింజలు ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. తైనారాకి చూపు సరిగా ఆనదు గానీ పాము చెవులు. కంచానికి చెంచా తగిలిన చప్పుడుకి కుర్చీలో తల అటు తిప్పింది. అత్త నమలడం మానేసి నన్ను చూసింది. "తిను అత్తా," అన్నాను.

ఆ రోజు నుంచి పండగదాకా మా అరుగు హోటలైపోయింది. సలేతి అట్లు పోసేది, ఎదురింటి పిల్లలు కుర్చీ చుట్టూ చేరి చప్పుడయ్యేలా కండెలు కొరికేవాళ్ళు, వాళ్ళమ్మలు కాఫీ జుర్రేవాళ్ళు. నేను రోజూ చెంచా తీసేదాన్ని. పిల్ల ముక్కుపుటాలు కదిలేవి, వాసన వైపు వంగేది, కానీ పెదాలు విడేవి కావు. పండగ దగ్గరపడుతున్నకొద్దీ నాకు నిద్ర కరువైంది. మా ఆయన మాత్రం "దాని మీద కూడా అరిచి చూడు, నోరు తెరుస్తుందేమో," అని ఏడిపించేవాడు.

సావ్ జువావ్ నాడు పొద్దు గూకుతూనే మా గుమ్మం ఎదురుగా నెగడు అంటించారు. కట్టెలన్నీ వీధి చివర్నుంచి మళ్ళీ మోసుకొచ్చారు పాపం. సలేతి లేత మొక్కజొన్న రుబ్బి, వడకట్టి, పాలు చక్కెర పోసి, పెద్ద గిన్నెలో కాంజిక కలుపుతోంది. "గరిట నిలబడేంత చిక్కగా. దాల్చినచెక్క పొడి చల్లకు, గొంతుకి పట్టేస్తుంది," అని నేను పక్కన నిలబడి చెప్తుంటే, "నాకు కాంజిక నేర్పడానికి పుట్టావే?" అని గరిట చూపించింది. ఆ కమ్మటి వాసనకి వీధిలో కుక్కలు కూడా లేచి కూచున్నాయి.

తైనారా కుర్చీలో నిటారుగా ఉంది. పెదాలు చప్పరించింది. ఒకసారి. మళ్ళీ. నేను చూసింది నిజమేనా అని మా ఆయన వైపు తిరిగాను. అతని కళ్ళూ అక్కడే ఉన్నాయి.

చల్లారిన కాంజిక చెంచా చివర కాస్త తీసుకున్నాను. ఎవరో టపాకాయ పేల్చారు. "ఆపండ్రా!" అని సలేతి అరిచిన అరుపుకి అకార్డియన్ వాయించేవాడు కూడా ఆపేశాడు. పిల్ల గడ్డం కిందికి పట్టుకుని చెంచా పెదాలకి తాకించాను. పెదాలు విడ్డాయి. చెంచా చుట్టూ మూసుకున్నాయి. నాలుక తోస్తుందని నేను చూస్తున్నాను. తోయలేదు. నెగడు చిటపటలు తప్ప చప్పుడు లేదు, వీధంతా ఆ చిన్న గొంతు వైపే చూస్తోంది. గొంతు కదిలింది. మిరేలా నేర్పినట్టు చెవి దాని మెడకి ఆనించి విన్నాను. గురక లేదు, తడి చప్పుడు లేదు. ఊపిరి శుభ్రంగా ఉంది.

"మింగింది," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"మింగిందట!" అని సలేతి వీధికి చెప్పింది. "వీవా సావ్ జువావ్!" అని వీధి వీధంతా ఒక్కసారి జైకొట్టింది.

మా అత్త మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని గోడకి ఆనుకుని నిలబడి సావ్ బ్రాస్‌ని పిలుస్తోంది. వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చెంచా చేతిలో పెట్టాను. "వద్దే వనూ, ఈ చెయ్యి వద్దు," అంది. "నీ చెయ్యే కావాలి అత్తా. ఈ చెయ్యి అడుక్కోబట్టే నా బిడ్డని వీధంతా కాసింది," అన్నాను. నేను గడ్డం పట్టుకున్నాను, ఆవిడ పెట్టింది. తైనారా నాయనమ్మ చేతి ముద్ద మింగింది. అత్త చెంచా పట్టుకుని అలాగే నిలబడి, మా అమ్మే, నా తల్లే అంటూ ఏడ్చేసింది.

ఇంకొక్క చెంచాతో ఆపేశాను. అలసిపోతే గొంతు తప్పు దారి పడుతుంది, మొదటిసారికి అంతే అని మిరేలా ఖరాఖండిగా చెప్పింది. గిన్నె పక్కన పెట్టి పిల్ల మూతి తుడిచాను.

తైనారా నోరు తెరిచే ఉంచింది. చెంచా రాలేదు. మొహం ఎర్రబడింది, పిడికిళ్ళు బిగుసుకున్నాయి, గుక్కపట్టి ఏడుపు అందుకుంది. నొప్పి ఏడుపు నాకు తెలుసు, నిద్ర ఏడుపు తెలుసు. పాలిప్పుడే పోశాను కాబట్టి ఆకలి కాదు. ఇది ఎప్పుడూ వినని ఏడుపు.

వీధంతా నా మీద విరుచుకుపడింది. "ఒక్కటి పెట్టవే పాపం!" "ఆశ తగులుతుందే!" "రాతి గుండే నీది!" అందరికంటే పెద్దగా మా అత్త.

నేను పిల్లని ఎత్తుకుని గుండెకి హత్తుకున్నాను. నా మెడ మీద చొల్లు, కన్నీళ్ళు, కాంజిక అన్నీ కారుతున్నాయి. నవ్వాగడం లేదు నాకు. దేవుడికి, మిరేలాకి, ఈ వీధికి, ఎవరికి దండం పెట్టాలో కూడా తెలియడం లేదు.

"ఏడవనీండి," అన్నాను. "ఇంకా కావాలని ఏడుస్తోంది నా కూతురు."